దసరా నాడు ఫ్రీజర్‌కు పెట్టిన బొట్టు

కొత్తగా ల్యాబుల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు సలహా కోసం మా ఇంటికి వస్తుంటారు. వాళ్లను నేను ముందు అడిగేది చదువు గురించి కాదు. "దసరాకు మీ ఫ్రీజర్‌ను ఏం చేశారు?" అని అడుగుతాను. వాళ్లు మొహాలు చూసుకుని నవ్వుతారు. రిటైరయ్యాక ఈవిడకు చాదస్తం పట్టుకుందని అనుకుంటారు కాబోలు. చాదస్తం నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడూ ఉండేది. అప్పుడు దానికి జీతం ఇచ్చేవాళ్లు, అంతే తేడా.

నేను పశువుల డాక్టరును. పుట్టింది తొర్రూరులో. మొదటి పోస్టింగ్ భూపాలపల్లి వైపు, ఆ తర్వాత గంగారం అడవి పల్లెల్లో. ఆడమనిషి ఎద్దును ఏం పడుతుందని నవ్వినవాళ్లే, ఆరు నెలలు తిరక్కముందే, బర్రెకు ఈత కష్టమైతే బండి పంపి మరీ పిలిపించుకున్నారు. ఈ మాట గొప్ప కోసమే చెబుతున్నాను, దాచుకోవడం ఎందుకు? సర్వీసు చివరి ఏళ్లు మాత్రం జనగామలో, పశువుల జబ్బుల మీద పరిశోధన చేసే ఒక చిన్న కేంద్రంలో గడిచాయి. ఇది అక్కడి సంగతి.

అక్కడ మేం నలుగురం. మా పెద్దసారు బాగా చదువుకున్న మనిషి, మంచి మనిషి. కాకపోతే తొందర ఎక్కువ. రిపోర్టు గడువుకు ముందే వెళ్లకపోతే ఆయనకు అన్నం సహించదు. ప్రాజెక్టు కోసం కోస్తా నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. వచ్చిన కొత్తలో మా 'గిట్ల, గట్ల' వినపడగానే చున్నీ నోటికి అడ్డం పెట్టుకునేది. నేనేమీ అనలేదు. ఏడాది తిరిగేసరికి ఫోన్లో వాళ్లమ్మతో "గట్లనేనమ్మా" అంటూ నాకు దొరికిపోయింది. నాలుగో మనిషి మా అటెండరన్న. రైతు కుటుంబం. ల్యాబును పొలంలాగే చూసుకునేవాడు. పొద్దున్నే వచ్చి ఒకసారి అంతా కలియదిరిగితే తప్ప కుర్చీలో కూర్చునేవాడు కాదు.

మా పని బర్రెల్లో క్షయ ఉందా లేదా చూడటం. క్షయ సోకిన బర్రె ఏళ్ల తరబడి మామూలుగానే మేస్తుంది, నెమరేస్తుంది, పాలిస్తుంది. ఆ పాలు కాచి తాగితే భయం లేదు. పితికినవి పితికినట్టే నురగతో గుమ్మపాలు తాగే ఇళ్లలోనే ప్రమాదం.

పరీక్ష సంగతి టూకీగా చెబుతాను, ఇది తెలియకపోతే మిగతాది తెలియదు. క్షయ క్రిమిని ఒకసారి ఎదుర్కొన్న రక్తం దాన్ని మరిచిపోదు. ఆ క్రిమి సారాన్ని కాస్త ఆ రక్తంలో వేసి వెచ్చగా ఉంచితే, రక్తకణాలు ఒకదాన్నొకటి హెచ్చరించుకుంటూ ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రొటీన్‌ను వదులుతాయి. అది ఎంత వదిలాయో మేం కొలుస్తాం. కొలవాలంటే ఒక కొలత ఉండాలి కదా. అందుకని పశువు జన్యువును బాక్టీరియాలో పెట్టి, అదే ప్రొటీన్‌ను దానిచేత తయారు చేయించి, శుద్ధిచేసి, ఎండబెట్టి, ఇంత అని తూచి చిన్న సీసాల్లో అమ్ముతారు. పరిశోధనకు మాత్రమే అని సీసా మీద రాసి ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని స్టాండర్డ్ అంటారు. నేను మానిక అనేదాన్ని. వడ్లకు మానిక ఎట్లాగో, రక్తంలో ఉన్న ఇంటర్‌ఫెరాన్‌కు అది అట్లా.

గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో ఈ మానికను అంచెలంచెలుగా పలచన చేసి వేస్తే, చివర్లో పసుపు రంగు ముదురు నుంచి లేతకు మెట్లు దిగినట్టు దిగుతుంది. పక్క గుంటల్లో బర్రెల నమూనాలు ఉంటాయి. ఏ నమూనా రంగు ఏ మెట్టుతో కలుస్తుందో చూసి లెక్క చెబుతాం.

ఆ సీసాలో కంటికి ఏమీ కనిపించదు. అద్దానికి ఊపిరి తగిలినంత మరక ఉంటే ఉంటుంది, లేకపోతే అదీ ఉండదు. కోస్తా అమ్మాయి మొదటిసారి చూసి, "మేడమ్, మోసం చేశారండీ! ఖాళీ సీసా పంపించారు" అని పరుగెత్తుకొచ్చింది. చాలాకాలం మేం ఆమెను ఖాళీ సీసా అనే పిలిచాం.

ఆ ఏడు దసరాకు నేను తొర్రూరు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ల్యాబు కళకళలాడుతోంది. మైక్రోస్కోపుకు పసుపు కుంకుమ, సెంట్రిఫ్యూజుకు బంతిపూల దండ, ఫ్రీజర్ తలుపు మీద రూపాయి బిళ్లంత బొట్టు. ఫ్రీజర్ లోపల ఎన్నాళ్లుగానో పేరుకున్న మంచు కూడా లేదు, తళతళలాడుతోంది. "మంచిగ జేసినవన్నా" అని నేనే మెచ్చుకున్నాను. అటెండరన్న జమ్మి ఆకు చేతిలో పెడితే కళ్లకద్దుకుని పనిలో పడ్డాను. ఆ మంచు ఎట్లా పోయిందని అప్పుడే అడిగి ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

పండగ తర్వాత రఘునాథపల్లి దాటి ఒక పల్లెకు వెళ్లాం. చర్మానికి సూది వేసి చేసే పరీక్షలో అక్కడ కొన్ని బర్రెలకు అనుమానంగా వాపు వచ్చింది. అందుకని ఊరి పాడి పశువులన్నిటి రక్తం తీయాలని నిర్ణయించాం. చివరి ఇంట్లో ఒక ముసలవ్వ, తల్లి లేని ఆమె మనవరాలు, ఒకే ఒక్క బర్రె. పాల కేంద్రంలో పోసే పాల మీదే ఇద్దరి బతుకు. నేను సూది తీయగానే అవ్వ బర్రె కొమ్ము పట్టుకుని కళ్లు మూసుకుంది.

"జర మెల్లగ గుచ్చు బిడ్డా. మా బర్రె సూదికి బెదురుతది."

"నీ బర్రె మంచిగనే నిలబడ్డది. బెదిరేది నువ్వే అవ్వా."

మనవరాలు పకపక నవ్వింది. పిల్ల చేతిలో గ్లాసు, పై పెదవి మీద తెల్లటి నురగ. అప్పుడే పితికిన పాలు.

"కాచి పోయరాదా అవ్వా పిల్లకు?"

"కాస్తె సత్తువ పోతది. మేమందరం గిట్లనే తాగి పెరిగినం. మాకేమైంది?"

పొదుగు కింద కూర్చుని ఆమెతో వాదించే ఓపిక నాకు లేకపోయింది. రక్తం తీసుకుని వచ్చేశాం.

పళ్లెం చదివిన రోజు మా సారు మొహం వెలిగిపోయింది. ఊళ్లోని బర్రెల్లో చాలావాటి లెక్క, రోగం ఉందని చెప్పే గీతను దాటింది. "ఒక్క ఊళ్లో ఇంత క్షయా! ఇది చిన్న విషయం కాదు" అంటూ అప్పుడే ఫోన్ అందుకుని, జాగ్రత్త కోసమని పాల కేంద్రానికి కబురు చెప్పేశారు. రిపోర్టు ఎల్లుండి పై ఆఫీసుకు వెళ్లాలన్నారు.

నాకు మాత్రం ఆ పళ్లెం నచ్చలేదు. మెట్లలో మొదటి గుంట మామూలుగా పండిన నిమ్మకాయలా ఉండాలి. ఆ రోజు పలచటి మజ్జిగలో చిటికెడు పసుపు వేసినట్టుంది. అంతకంటే ముఖ్యమైనది, ప్రతి పరీక్షలోనూ పోలిక కోసం మా షెడ్డులోనే పుట్టి, మా షెడ్డులోనే పెరిగిన, ఇంకా ఈనని ఒక పడ్డ రక్తం కూడా పెడతాం. దానికి క్షయ లేదని మాకు నిశ్చయంగా తెలుసు. ఆ పడ్డ లెక్క కూడా గీత దగ్గరికి ఎగబాకింది.

"సార్, మన పడ్డకు కూడా రోగం అంటారా?" అని అడిగాను.

"ఒక్కటి అటూ ఇటూ కావచ్చు. కంప్యూటర్ లెక్క సరిగ్గానే వేసింది కదా?"

"కంప్యూటర్‌కేం తెలుసు సార్, మనం ఏ మానిక చేతికిస్తే దాంతో కొలుస్తుంది."

ఆయన విన్నారు గాని ఒప్పుకోలేదు. అప్పటికే పాల కేంద్రానికి వెళ్లిన మాట ఊరంతా పాకింది.

మరునాడు పొద్దున మేం తలుపులు తీసేసరికి అవ్వ వరండాలో కూర్చుని ఉంది. పక్కన మనవరాలు, ఒళ్లో మూత పెట్టిన పాల క్యాను. నన్ను చూడగానే లేచి, క్యాను తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

"నా బర్రెకు రోగమున్నదని జెప్పినవట. గీ పాలు తాగి జూడు. తాగినంక జెప్పు రోగమున్నదో లేదో."

"కాచి తాగుత అవ్వా, ఇట్ల కాదు."

"కేంద్రంల తీసుకుంటలేరు. ఊరందరియి గూడ తీసుకుంటలేరు. అందరికి పొలాలున్నయ్, నాకేమున్నది బిడ్డా? నేను గీ పాలు మోరిల పొయ్యాల్నా?"

పిల్ల వైపు చూశాను. మెడకు తువ్వాల చుట్టి ఉంది. ఏమైందని అడిగితే, "గవదలు లేసినయ్, పసుపు సున్నం రాసిన, తగ్గుతయ్" అంది అవ్వ. తువ్వాల జరిపి వేళ్లతో తడిమాను. నేను పశువుల డాక్టరునే కావచ్చు, గడ్డకూ గడ్డకూ తేడా నా వేళ్లకు తెలుసు. గవదలైతే దవడ దగ్గర వాచి, ముట్టుకుంటే పిల్ల కెవ్వుమనాలి. ఇవి మెడ పక్కన గట్టిగా, గొలుసులా ఉన్నాయి, నొప్పి లేదు. గుమ్మపాలు తాగే పిల్లకు మెడలో ఇలాంటి గడ్డలంటే ముందు క్షయనే అనుమానించాలి.

"అవ్వా, పిల్లను ఇప్పుడే పెద్ద దవాఖానకు తోలుకపో" అన్నాను.

అవ్వ పిల్లను దగ్గరికి లాక్కుంది. "నిన్న ఊరందరి బర్రెలకు రోగమంటివి. ఇయ్యాల నా మన్మరాలికి గూడ రోగమంటున్నవ్. నువ్వు సూసినోళ్లందరికి రోగమేనా? ముందుగాల బర్రె సంగతి నిజం జెప్పు. జెప్పిందాక నేను కదల" అని వరండాలోకి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంది.

ఆమె నన్ను నమ్మడం లేదు. నమ్మకపోవడం న్యాయమే. నా లెక్కను నేనే నమ్మడం లేదు. కాని ఆ నమ్మకం కుదిరేదాకా పిల్ల దవాఖాన గడప తొక్కదు.

లోపలికి వెళ్లి కోస్తా అమ్మాయితో తర్జనభర్జన పడుతున్నాను. మానిక ఎందుకు చచ్చుబడింది? కరిగించి చిన్న చిన్న గొట్టాల్లో పోసి గడ్డకట్టించి పెట్టింది నేనే, పండగకు ముందు అది బాగానే పనిచేసింది. కరెంటు పోయిందా అంటే ఫ్రీజర్‌కు బ్యాటరీ ఉంది. అంతలో అవ్వకు నీళ్లిచ్చి వస్తున్న అటెండరన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కరెంటు పోలేదమ్మా. నేనే బంద్ జేసిన."

"ఏంది?"

"దసరా నాడు. పొద్దున బంద్ జేసి, అన్ని బయట పెట్టి, మంచు కరిగినంక కడిగి, బొట్టు పెట్టిన. పొద్దుగూకినంక మల్ల పెట్టిన."

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ రోజు నేనన్న మాటల్లో కొన్ని ఇక్కడ రాయలేను. అన్నీ విని అతను తలెత్తాడు.

"అమాస నాడు ఎడ్లకు కాడి కట్టం గదమ్మా. పండుగ నాడు నాగలికి, కొడవలికి, ఆఖరికి సారు కారుకు గూడ ఇస్రాంతి ఇచ్చినం. ఏడాది పొడుగూత రాత్రింబవళ్లు గురగురమనుకుంట నడిచేది అదొక్కతే. దానికొక్క దినం ఇయ్యకుంటె పాపం గాదా?"

తప్పు అతనొక్కడిదే కాదు. ఆ పూజలో కొబ్బరికాయ కొట్టింది మా సారు, హారతి ఇచ్చింది కోస్తా అమ్మాయి, వచ్చాక మెచ్చుకున్నది నేను. మంచు కరగాలంటే మిషను ఆగాలని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

కరిగిన ప్రొటీన్ పూటంతా వెచ్చగా ఉండి మళ్లీ గడ్డకడితే దాని సత్తువ పోతుంది. "మానిక సగం అరిగిపోయిందనుకో అన్నా. అవే వడ్లు కొలిస్తే ఏమవుతుంది?" అని అడిగాను.

"ఎక్కువ మానికలైతయి" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "అయితే బర్రెలకు రోగం లేదా అమ్మా?"

"తెలువదన్నా. మంచి మానికతోటి మళ్ల కొలిస్తెనే తెలిసేది."

మంచి మానిక ఒక్కటే ఉంది. తెరవని సీసా, ఎండు పొడి. అది మా సారు ఎంతోకాలంగా చేయాలనుకుంటున్న సొంత ప్రయోగం కోసం దాచుకున్నది. మరొకటి కావాలంటే విదేశాల నుంచి రావాలి. అది ఎప్పుడొస్తుందో చెప్పగల మొనగాడు మా ఆఫీసుల్లో ఇంకా పుట్టలేదు. నేను సారు గదిలోకి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన చాలాసేపు నుదురు రుద్దుకున్నారు.

"ఆ సీసా కూడా ఆ రోజు బయటే ఉంది కదా? అది మాత్రం పాడవలేదని ఏమిటి నమ్మకం?"

"విత్తనం ఎండి ఉన్నంతవరకు భయం లేదు సార్, తడిస్తేనే కుళ్లేది. అది ఎండు పొడి, మూత బిగించి ఉంది. అయినా నా మాట నమ్మకండి. మన పడ్డ చెబుతుంది. మానిక మంచిదైతే పడ్డ లెక్క కిందికి దిగాలి, పసుపు మెట్లు మళ్లీ ముదరాలి. దిగకపోతే మీ రిపోర్టు మీరు పంపుకోండి, నేను అడ్డం రాను."

ఆయన కిటికీలోంచి వరండాలో కూర్చున్న అవ్వను చూశారు. "తెరవండి" అన్నారు.

సెంట్రిఫ్యూజు మీది వాడిన బంతిదండ తీసి పక్కన పెట్టి, మూతకు అంటుకున్న పొడి అడుక్కి చేరేలా సీసాను అందులో పెట్టి తిప్పాం. ఆ కాస్త పొడే మా సర్వస్వం. మూత తీస్తుంటే కోస్తా అమ్మాయి ఊపిరి బిగబట్టింది. వెనక నుంచి అటెండరన్న మెడ సాచి చూసి, "అమ్మా, గిండ్ల ఏం లేకపాయె!" అన్నాడు. ఆ అమ్మాయి పెద్ద పండితురాలిలా వెనక్కి తిరిగి, "ఉంటది అన్నా, కనపడదు గంతే" అంది. అంత పరేషాన్‌లోనూ నాకు నవ్వొచ్చింది.

సీసా గోడల వెంట మెల్లగా నీరు దింపి, కుదపకుండా కరగనిచ్చి, మెట్లు కట్టాం. ఫ్రిజ్‌లో మిగిలి ఉన్న బర్రెల నమూనాలు మళ్లీ వేశాం, ఒక్కోటి రెండేసి గుంటల్లో. ఈ పని జరుగుతున్నంతసేపూ అవ్వ వరండాలోనే ఉంది. అటెండరన్న వాళ్లకు అన్నం తెచ్చి పెట్టాడు. క్యానులో పాలు మా టీ పొయ్యి మీద బాగా మరగబెట్టి, చక్కెర వేసి పిల్లకు ఇచ్చాడు. తాగిందో లేదో అని ముందు నిలబడి చూశాడు కూడా.

పొద్దు వాలుతుండగా పళ్లెంలో రంగు తేలింది. మొదటి గుంట పండు నిమ్మకాయ. అక్కడి నుంచి మెట్లు చక్కగా దిగాయి. మా పడ్డ గుంట తెల్లగా ఉంది. "నేను చెప్పలే?" అని గట్టిగానే అన్నాను, అలాంటప్పుడు అణకువ నాకు చేతకాదు. ఊరి బర్రెలు ఒకదాని వెంట ఒకటి గీత కిందికి దిగిపోయాయి.

ఒక్కటి దిగలేదు. రెండు గుంటల్లోనూ చిక్కటి పసుపు. దాని నంబరు ఎవరిదో నాకు చూడకుండానే తెలిసిపోయింది. పొద్దుటి నుంచి నేను కొట్లాడింది ఆమె బర్రె కోసమేనని, గెలుపు ఆమెదే అవుతుందని నాకు తెలియకుండానే ఆశ పెట్టుకున్నాను.

నేను వరండాలోకి వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

"అవ్వా, నిన్న మేము జెప్పింది తప్పు. ఊర్ల బర్రెలు మంచిగున్నయ్."

"అన్ని మంచిగున్నయా?"

"నీదొక్కటి తప్ప."

అవ్వ ఖాళీ క్యాను మూత తీసింది, మళ్లీ పెట్టింది. నేను తిట్లు కాచుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

"అందరియి అన్ననాడు అవద్దమనుకున్న" అంది చివరికి. "తప్పైందని ఒప్పుకొని మల్ల నాదొక్కటే అంటున్నవంటే, గది నిజమే అయ్యుంటది." అంటూ మనవరాలి మెడకున్న తువ్వాల విప్పి, ఎండిన పసుపు కొంగుతో తుడిచింది. "ఇగ దీని మెడ సంగతి జెప్పు బిడ్డా. ఏ దవాఖానకు పోవాలె?"

అటెండరన్న అప్పటికే బండి తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

నేను అనుమానించిందే నిజమైంది. గడ్డ నుంచి సూదితో తీసి చూస్తే క్షయేనని దవాఖానలో తేల్చారు. నెలల తరబడి మాత్రలు మింగింది పిల్ల. మా సారు స్వయంగా పాల కేంద్రానికి ఫోన్ చేసి, "తప్పు మాది, ఊరి మీద పెట్టకండి" అన్నారు. పోయిన సీసా గురించి ఆయన నాతో ఒక్కమాట ఎత్తలేదు. పైగా ఆఫీసుల చుట్టూ తిరిగి, ఏదో పథకం కింద అవ్వకు ఒక పడ్డను ఇప్పించారు. పాత బర్రెను మా షెడ్డులో విడిగా కట్టేసి, పోయేదాకా మేపాం. పోయాక కోసి చూస్తే ఊపిరితిత్తుల నిండా గడ్డలే.

కాబట్టి పిల్లలూ, మిషనుకు బొట్టు పెట్టండి, దండ వేయండి, కొబ్బరికాయ కొట్టండి. ప్లగ్గు మాత్రం ముట్టుకోకండి. పళ్లెంలో అందరికీ రోగం కనిపించిన రోజు, ముందు మీ మానికను అనుమానించండి. మానిక సరిచేశాక కూడా ఒక్కరి గుంట పసుపుగా ఉంటే, వెళ్లి వాళ్ల పక్కన కూర్చుని చెప్పండి.

రిటైరైన తర్వాత ఒకసారి ఆ ఊరి మీదుగా పోతూ బండి ఆపాను. ఆ పడ్డ ఇప్పుడు ఈని బర్రెయింది. బడి నుంచి వచ్చిన మనవరాలు జడలు ఊపుకుంటూ దూడను తరుముతోంది, మెడ నున్నగా ఉంది. అవ్వ నన్ను మంచం మీద కూర్చోబెట్టి లోపలికి పోయింది. ఎంతసేపటికీ రాదు. తొంగి చూస్తే పొయ్యి ముందు కూర్చుని ఉంది. గిన్నెలో పాలు పొంగితే దించి, మళ్లీ పెట్టి, మళ్లీ పొంగిస్తోంది. చివరికి గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"కాసినయే బిడ్డా. తాగు."